పసిబిడ్డల కడుపు - మేలుచేయు సూక్ష్మజీవులు

అనకాపల్లి జిల్లా బుచ్చయ్యపేట మండలమున, వడ్డాది దాటి లోపలికి పోవు దారిలో, ఒక పల్లెయింట మేము చూచిన విషయముతో ఈ ప్రసంగమును ఆరంభించెదము. పది నెలల పసివాడు. రెండు దినములుగా విరేచనములు. నాయనమ్మ వానిని ఒడిలో పరుండబెట్టుకొని విసనకఱ్ఱతో విసరుచున్నది. తల్లి మాకు కుర్చీ వేసి, గూటిలోనుండి రంగుల కాగితపు పొట్లములు మూడు తీసి చూపినది. పట్టణములో మందుల దుకాణమున కొన్నవి. "మంచి క్రిములంటండి బాబూ, కడుపులోకెల్తే సెడ్డ క్రిముల్ని తరిమేస్తాయంట" అని చెప్పినది. పాలిచ్చుచున్నావా అని అడిగితిమి. నిన్నటినుండి మాన్పించినారట. నీళ్ళు? త్రాగించినకొలది పోవుచున్నవని అవియు ఆపినారట. బిడ్డ కన్నులు లోతుకు పోయినవి. ఏడ్చుచున్నాడు గాని కన్నీరు లేదు. పొట్టమీది చర్మమును రెండు వ్రేళ్ళతో పట్టి విడిచితిమి. అది వెంటనే సర్దుకొనక మెల్లగా దిగినది.

మంచి క్రిములు ఇంటిలోనికి వచ్చినవి. నీరు మాత్రము బిడ్డ నోటిలోనికి పోలేదు. నాలుగిండ్ల అవతలనున్న ఆశా కార్యకర్త యొద్ద ఓ.ఆర్.యస్. పొట్లములు వెలలేకుండ దొరకునని ఆ యింటివారికి తెలియకపోలేదు. వెలలేని మందు మీద మనవారికి నమ్మకము తక్కువ. పొట్లము తెప్పించి, కాచి చల్లార్చిన లీటరు నీటిలో కలిపి, చెంచా చెంచాగా పోయుచునే బిడ్డను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపితిమి. ప్రొద్దుగ్రుంకు వేళకు వాడు మూత్రము పోసినాడని కబురు వచ్చినది. అంతకంటె మంచి కబురు ఆనాడు మేము మరియొకటి వినలేదు.

ఆ తల్లిని మేము తప్పుపట్టుట లేదు. ఆమె విన్నమాట అబద్ధము కాదు, సగము నిజము. ఆ సగమెంతయో, తక్కిన సగమేమో విచారించుటకే నేటి ప్రసంగము.

మన ప్రేవులలో సూక్ష్మజీవులు కాపురముండుట జబ్బు కాదు, అది ఆరోగ్యలక్షణము. పెద్దవాని దేహమున దాదాపు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉండునని, అవి దేహమునకు సొంతమైన కణముల సంఖ్యకు ఇంచుమించు సమానమని 2016లో వెలువడిన లెక్క తెలుపుచున్నది. వీనిలో ఎక్కువ భాగము పెద్దప్రేవులోనే ఉండును. తల్లి కడుపునుండి బయటపడిన క్షణము మొదలు బిడ్డ కడుపులోనికి ఇవి వలస వచ్చి చేరుచుండును. ఏ జాతి ముందు వచ్చి చోటు పట్టునో, ఏది తరువాత వచ్చునో, దానిని బట్టి ఆ కాపురము స్థిరపడుటకు రెండు మూడు సంవత్సరములు పట్టును. కనుకనే తొలి వేయి దినములలో బిడ్డ నోటిలోనికి ఏమి పోవుచున్నదన్నది అంత ముఖ్యము.

తల్లిపాలు త్రాగు శిశువుల మలములో ఒక విచిత్రమైన బాక్టీరియము కనబడుచున్నదని 1899-1900 సంవత్సరములలో పారిస్ నగరమున పాశ్చర్ సంస్థలోని హెన్రీ టిస్సియే కనుగొనెను. అది పంగలకఱ్ఱ వలె రెండుగా చీలియుండును. నేడు దానిని బిఫిడోబాక్టీరియము అందురు. ఆ సంస్థలోనే పనిచేసి, 1908లో నోబెల్ బహుమానమందిన మెచ్నికోవ్ పండితుడు, బల్గేరియా పల్లెజనుల దీర్ఘాయువునకు వారు త్రాగు పుల్లని పాలే కారణమని వాదించెను. దానితో ఐరోపాలో పులిసిన పాలకు గొప్ప గిరాకి పుట్టినది. రాత్రి తోడుపెట్టి తెల్లవారి కవ్వమాడించిన మన అవ్వలకు ఈ వార్త చెప్పియుండినచో నవ్వియుందురు.

అయితే బిడ్డ విషయమున అసలు రహస్యము పెరుగులో లేదు, తల్లిపాలలో ఉన్నది. తల్లిపాలలో పాలచక్కెర, కొవ్వు తరువాత అధికముగా నుండు ఘనపదార్థము ఒక విధమైన చక్కెరల గొలుసు. అట్టివి రెండువందలకు పైగా రకములు కలవు. విచిత్రమేమనగా బిడ్డ వానిని జీర్ణించుకొనలేడు. ఎవరి కొఱకు మరి? ఆ పంగలకఱ్ఱ బాక్టీరియముల కొఱకు. తల్లి తన బిడ్డకే కాక, బిడ్డ కడుపులోని అతిథులకు కూడ విస్తరి వేయుచున్నదన్న మాట. అవి ఆ చక్కెరలను తిని ఆమ్లములను పుట్టించును. ఆ పులుపులో హానికరమైన క్రిములు పెరుగజాలవు. ప్రేవు గోడ గట్టిపడును. శత్రువు నెవరిని, మిత్రు నెవరిని అనుకొనవలెనో బిడ్డ దేహము నేర్చుకొనును. ముర్రుపాలు పిండి పారబోయు వాడుక ఇంకను అక్కడక్కడ ఉన్నది. ఆ పారబోయునది ఎట్టిదో తెలిసినచో ఏ తల్లియు అట్లు చేయదు.

మన యిండ్లలో పుట్టిన బిడ్డకు మొదట తేనె నాకించుటయో, ఆముదము కలిపిన ఉగ్గు పోయుటయో, వసకొమ్ము అరగదీసి నాలుకకు రాచుటయో ఆచారముగా వచ్చినవి. ఈ ప్రాంతమున బెల్లపు నీళ్ళు పోయువారును కలరు. అనకాపల్లి బెల్లమునకు దేశమంతట పేరున్నది. పుట్టిననాటి బిడ్డ నోటికి మాత్రము అది తగదు. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీటిచుక్క కూడ అవసరము లేదు. తేనె విషయమున ఇంకను గట్టిగా చెప్పవలెను: అందులో బొట్యులిజము అను ప్రమాదకరమైన వ్యాధిని కలిగించు క్రిమిబీజములు ఉండవచ్చును, పెద్దవారి కడుపు వానిని అణచివేయును, పసికడుపునకు ఆ శక్తి లేదు. సంవత్సరము నిండనిదే తేనె పెట్టరాదు. పెద్దలనిన మాకు గౌరవమే. వారు మనకు నేర్పినవానిలో నూటికి తొంబది మంచివి, ఇది తక్కిన పదిలోనిది.

మరియొక సంగతి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున నూటికి 42.4, తెలంగాణమున నూటికి 60.7 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినట్లు తేలినది. అట్లు పుట్టిన శిశువునకు తల్లి జననమార్గమునుండి, ఆమె ప్రేవులనుండి రావలసిన సూక్ష్మజీవులు సరిగా అందవు. ఆసుపత్రి గాలిలోను, పరికరముల మీదను ఉండునవి ముందు చేరును. శస్త్రచికిత్స ప్రాణముకొఱకు చేయవలసినప్పుడు చేయవలసినదే. అందు సందేహము లేదు. అవసరము లేనిచోట మాత్రము అది ఊరకే పోవు ఖర్చు కాదని గ్రహింపవలెను. శస్త్రచికిత్స జరిగిన తల్లియు మత్తు విషయము చూచుకొని త్వరలోనే పాలు పట్టవచ్చును. ఆ లోటును పూడ్చుటకు అంతకు మించిన సాధనము లేదు.

ఇక మందుల సంగతి. ఇందులో మన తెలుగువాని కథ యొకటి ఉన్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు స్ప్రూ అను ప్రేవుల వ్యాధితో మరణించిరి. ఆ వ్యాధిలో తిన్నది ఒంటబట్టదు. మనిషి విరేచనములతో కృశించి, నెత్తురు తగ్గి పోవును. సుబ్బారావుగారికి కూడ ఆ జబ్బు సోకినదనియు, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో తేరుకొనిరనియు చెప్పుదురు. 1923లో ఆయన అమెరికాకు వెడలెను. ఆయన నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయమువారు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. అది స్ప్రూ రోగులకు సంజీవని యైనది. ఆ పరిశోధనాలయమునుండియే, బెంజమిన్ డగ్గర్ మట్టిలో కనుగొన్న క్రిమినుండి, 1948లో ఆరియోమైసిన్ అను మందు వెలువడెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు న్యూయార్కులో కన్నుమూసిరి. నేడు ఆ ఉష్ణమండల స్ప్రూ వ్యాధికి వైద్యులు ఇచ్చు మందులు రెండు: ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిన్ జాతి మందు. తన అన్నదమ్ములను పొట్టనబెట్టుకొన్న వ్యాధికి కావలసిన రెండు ఆయుధములును ఆయన నడిపిన పరిశోధనాలయమునుండియే వచ్చినవి.

అట్టి మహోపకారి యైన ఆంటిబయోటిక్కునకు మిత్రశత్రు భేదము తెలియదు. చేనిలో కలుపుమందు చల్లినప్పుడు పైరు కూడ మాడిన చందమున, అది చెడ్డ క్రిములతోపాటు మంచివానిని గూడ చంపును. పసిపిల్లల విరేచనములలో అధికభాగము వైరసుల వలన వచ్చునవి. వైరసు మీద ఈ మందు పనిచేయనే చేయదు. మలములో నెత్తురు పడినప్పుడు, కలరా అని అనుమానము కలిగినప్పుడు వైద్యుడు చూచి ఇచ్చుట వేరు. దుకాణమువాని నడిగి గోలీలు కొనుట వేరు.

ఇప్పుడు ఆ రంగుల పొట్లముల యొద్దకు వత్తము. వీనిని ప్రోబయోటిక్కులు అందురు. తగిన మోతాదులో పుచ్చుకొన్నచో ఆరోగ్యమునకు మేలుచేయు సజీవ సూక్ష్మజీవులే ప్రోబయోటిక్కులని 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు నిర్వచించిరి. ఆ నిర్వచనములో మూడు మాటలు పట్టిచూడవలెను: సజీవముగా నుండవలెను, తగిన మోతాదు కావలెను, మేలు రుజువు కావలెను.

మేలు రుజువైన ఒక గొప్ప ఉదాహరణము మన పొరుగుననే, ఒడిశా పల్లెలలో జరిగినది. పినాకీ పాణిగ్రాహి అను వైద్యశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 4,556 మంది నవజాత శిశువులను ఎంచుకొనిరి. అందరును తగినంత బరువుతో పుట్టి తల్లిపాలు త్రాగుచున్నవారే. సగముమందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారము అను బాక్టీరియములో ఒక ప్రత్యేకమైన తెగను, దానికి ఆహారమగు ఒక చక్కెరను కలిపి ఏడు దినములు ఇచ్చిరి. తక్కినవారికి చూపునకు అటువంటిదే యగు వట్టిపొడి ఇచ్చిరి. అరువది దినములలో నెత్తురు విషమించుట గాని మరణము గాని సంభవించినవారు వట్టిపొడి పుచ్చుకొన్నవారిలో నూటికి 9 మంది, మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 5.4 మంది. 2017లో నేచర్ పత్రికలో ఈ ఫలితములు ప్రచురితమైనవి. ఒడిశా పల్లెకును బుచ్చయ్యపేట పల్లెకును బిడ్డల బ్రతుకులలో పెద్ద భేదమేమున్నది? చదివినప్పుడు మా మనసు పొంగినది.

అయితే ఆ వెంటనే, 2018లో, మరి రెండు పరిశోధనలు వెలువడినవి. అమెరికాలో 971 మంది, కెనడాలో 886 మంది చిన్నపిల్లలు. అందరును వాంతులు, విరేచనములతో ఆసుపత్రికి వచ్చినవారు. వారికి పేరుపొందిన వేరు వేరు ప్రోబయోటిక్కులు అయిదేసి దినములు ఇచ్చి చూచిరి. అమెరికాలో జబ్బు ముదిరినవారు మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 11.8, వట్టిపొడి పుచ్చుకొన్నవారిలో 12.6. కెనడాలో 26.1, 24.7. అనగా భేదము లేదు.

ఒకచోట అంత మేలు, మరియొకచోట శూన్యమా అని శ్రోతలు అడుగవచ్చును. దీనికి రైతునే సాక్షిగా పిలిచెదము. స్వర్ణయు వరియే, సాంబమసూరియు వరియే. ఒకటి చేసిన పని మరియొకటి చేయునని ఏ రైతును ఒప్పుకొనడు. ఏ నేలకు, ఏ కాలమునకు ఏ వంగడమో అతడు చూచుకొనును. అనకాపల్లిలో 1913 నుండి చెఱకు పరిశోధన నడచుచున్నది. చెఱకు చెఱకే గదా అని వారు ఊరకుండలేదు. బాక్టీరియముల సంగతియు అంతే. పొట్లము మీద లాక్టోబాసిల్లస్ అని కులము పేరుండినంత మాత్రమున చాలదు. ఏ తెగ, ఎన్ని కోట్లు, ఏ జబ్బుకు పరీక్షించిరి అన్నది కావలెను. ఒడిశాలో ఇచ్చినది పుట్టిన శిశువునకు, రోగము రాకుండుటకు. పది నెలల బిడ్డకు విరేచనములు పట్టిన పిమ్మట దుకాణమున దొరికిన పొడి వేయుట దానితో సమానము కాదు.

కొన్ని తెగలు ఆంటిబయోటిక్కుల వలన వచ్చు విరేచనములను తగ్గించుటకు ఉపకరించునని ఆధారములున్నవి. వైద్యుడు అందుకొఱకు వ్రాసియిచ్చినచో వాడవచ్చును. అప్పుడును పొట్లము గడువు చూడవలెను. ఎండలో ఎక్కువ కాలముండిన పొడిలోని జీవులు జీవముతో ఉండునో లేదో చెప్పలేము. నెలలు నిండక పుట్టిన బిడ్డల విషయమున మాత్రము సొంత వైద్యము ఎంతమాత్రము కూడదు. అట్టి బిడ్డకు ఆసుపత్రిలో ఇచ్చిన ప్రోబయోటిక్కు లోని జీవియే నెత్తురులో చేరి మరణము సంభవించిన సంఘటన పిమ్మట, 2023 అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ శాఖ హెచ్చరిక జారీచేసినది.

మరి మన పెరుగు సంగతి యేమి? ఆరు నెలలు నిండిన పిమ్మట ఇంట తోడుపెట్టిన కమ్మని పెరుగు, మెత్తని అన్నముతో కలిపి పెట్టవచ్చును. అది మంచి ఆహారము. సులభముగా అరుగును. దానిని మందు అని మాత్రము అనము. ఏ యింటి తోడులో ఏ తెగలున్నవో ఎవరును లెక్కించలేదు. పుల్లని తరవాణి, చద్దన్నము పనిపాటలు చేయు పెద్దవారికి చలువయే కాని, సంవత్సరము నిండని బిడ్డకు వలదు. రాత్రంతయు నిలువయున్న అన్నములో మంచి క్రిములే పెరుగునన్న హామీ లేదు. ఈ మాట అన్నందుకు ఆ నాయనమ్మ మామీద అలిగినది. చోడి అంబలి మాత్రము అప్పటికప్పుడు కాచి గోరువెచ్చగా పెట్టవచ్చునని చెప్పి ఆమెను కొంత ప్రసన్నురాలిని చేసికొంటిమి.

ఆహారముతోనే కడుపులోని సూక్ష్మజీవులను బాగుచేయవచ్చునా అని పరిశోధించినవారు ఢాకా నగరమున ఉన్నారు. అక్కడ మీర్పూరు మురికివాడలో బక్కచిక్కిన 12 నుండి 18 నెలల పిల్లలకు ఒక ప్రత్యేకాహారమును మూడు నెలలు పెట్టిరి. అందులోని ముఖ్యవస్తువులు శనగపిండి, వేరుశనగ ముద్ద, సోయాపిండి, పచ్చి అరటికాయ. ప్రేవులలోని మంచి జీవులకు ఇష్టమైనవని ఏరి కూర్చినవి. వాడుకలోనున్న పోషకాహారము కంటె ఇందులో శక్తి తక్కువయైనను బిడ్డల బరువు దీనితోనే మెరుగుగా పెరిగినది. 2021లో ఈ ఫలితములు వెలువడినవి. వీనిలో మన పెరటిలోను, సంతలోను దొరకని దేమున్నది? అంతమాత్రమున అరటికాయ వేపుడు వండి పసిబిడ్డకు పెట్టుమని మా భావము కాదు. ఉడికించి మెత్తగా మెదిపి, వేరుశనగను ముద్దగా నూరి, కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. వేరుశనగ గింజ గింజగా నోటిలో పడినచో గొంతున అడ్డుపడును.

ఇక విరేచనములు పట్టిననాడు చేయవలసినది. 1971లో బంగ్లాదేశ కాందిశీకుల శిబిరము, బన్‌గావ్ పట్టణము. కలరాతో జనము రాలిపోవుచుండగా, నెత్తుటినాళములోనికి ఎక్కించు ద్రవము చాలక, దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు ఉప్పు, గ్లూకోసు కలిపిన నీటిని పీపాలతో నింపి బంధువుల చేతనే త్రాగించెను. నూటికి ముప్పదిగా నున్న మరణములు నూటికి నాలుగు లోపునకు దిగినవి. చక్కెర చేయిపట్టుకొని ఉప్పును, ఉప్పు వెంట నీటిని ప్రేవు గోడ లోపలికి తీసికొనిపోవును. విరేచనములు కట్టకున్నను ఈ ద్వారము మూతపడదు. కావుననే పాళ్ళు తప్పరాదు. ఒక పొట్లము, ఒక లీటరు నీరు. సగము పొట్లము గ్లాసుడు నీటిలో వేయరాదు. రెండేండ్ల లోపు బిడ్డకు విరేచనమైనప్పుడెల్ల 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకు పైబడిన వారికి 100 నుండి 200. కలిపిన నీరు ఒక్క దినమే పనికివచ్చును. దానితోపాటు జింకు మాత్ర పదునాలుగు దినములు. తల్లిపాలు ఒక్కపూటయు ఆపరాదు. బిడ్డ మగతగా నున్నను, త్రాగలేకున్నను, మలములో నెత్తురు పడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

దుకాణములో కొనునప్పుడు ఒక మెలకువ. ఓ.ఆర్.యస్. అను అక్షరములు పెట్టుకొని, చక్కెర మిక్కిలిగా నున్న పానీయములు చాలకాలము అంగళ్ళలో చలామణి యైనవి. చక్కెర మిక్కుటమైనచో నీరు లోపలికి పోవుటకు మారుగా ప్రేవులలోనికి దిగి విరేచనములు హెచ్చును. హైదరాబాదునకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీనిపై సంవత్సరముల తరబడి పోరాడిరి. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ప్రామాణిక సూత్రము ననుసరింపని పానీయములపై ఆ పేరు వాడుటను నిషేధించినది. పొట్లము మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ప్రకారమని ఉన్నదా అని చూచుకొనుట నేటికిని మంచిది.

ఆ పది నెలల పసివానిని వారము దినముల తరువాత మరల చూచితిమి. నాయనమ్మ చంక దిగనని మారాము చేయుచున్నాడు. టీకాల పుస్తకము తెప్పించి చూచితిమి. పిల్లల విరేచనములకు పెద్ద కారణమైన రోటావైరసునకు హైదరాబాదులోనే తయారైన చుక్కల మందు, 2016లో ప్రభుత్వ టీకాలలో చేరినప్పుడు మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి. ఆరు, పది, పదునాలుగు వారములకు మూడు మారులు. పుస్తకములో రెండు గడులు నిండియున్నవి, మూడవది ఖాళీ. ఆ వారము పెండ్లికి పోయితిమని తల్లి చెప్పినది. మొదటి మోతాదు సంవత్సరము లోపల పడియుండుటచేత తక్కినది ఇప్పుడైనను వేయింపవచ్చునని చెప్పితిమి. ఆమె పుస్తకమును మడిచి, మునుపు రంగుల పొట్లములుంచిన ఆ గూటిలోనే పెట్టి, వచ్చు టీకాల దినమెప్పుడని నాయనమ్మను అడిగినది.